మూడు కాళ్ల స్టాండు, ముగ్గురి ఫోటో

గరిటె కొన్నా చేతిలో ఎత్తి బరువు చూసి కొనే మనిషి సమ్మవ్వ. అడుగు మందం లేని గిన్నె పొయ్యి మీదే కరిగి ఇల్లంతా అంటుకుంటుందని ఆమె భయం. ఇంటి తలుపుకు రెండు తాళాలు, ఆ తాళంచేతులు పెట్టిన డబ్బాకు ఇంకో తాళం. అలాంటి సమ్మవ్వ ముంబైలో వీటీ స్టేషన్ ఎదుటి గల్లీలో, కెమెరా సామాన్ల దుకాణంలో నిలబడి, ఉన్న స్టాండులన్నిటిలోకీ తేలికైనదాన్ని, తుమ్మితే ఊగేదాన్ని చూపించి "గిదే కావాలె" అన్నప్పుడు ఆమె మొగుడు భూమయ్యకు అనుమానం రావాలి.

రాలేదు. నాలుగు మగ్గాలు ఒక్కసారి నడుస్తున్నా ఎక్కడ పోగు తెగిందో చప్పుడును బట్టి చెప్పగలడు గానీ, పక్కనున్న పెళ్లాం మనసులో ఏం తెగిందో పన్నెండేళ్లలో ఒక్కసారి కూడా కనిపెట్టలేదు భూమయ్య.

అసలు ఇదంతా ఒక ఉత్తరంతో మొదలైంది.

ముంబై దగ్గరి భివండిలో, కామత్‌ఘర్ గల్లీలో భూమయ్యకు నాలుగు మరమగ్గాలున్నాయి. తొంభై ఎనిమిదిలో దుబాయి నుంచి వచ్చిన చుట్టం దగ్గర ఒక కెమెరా కొన్నాడు. కొన్ననాటి నుంచి కన్ను తెరిచింది తక్కువ, ఒక కన్ను మూసిందే ఎక్కువ. సమ్మవ్వ రొట్టెలు చేస్తుంటే ఒకటి, పదేళ్ల కొడుకు రూపేష్ స్కూలు బట్టల్లో ఒకటి, తల్లీకొడుకులు మగ్గం పక్కన ఒకటి. అన్నీ కడిగించి సిరిసిల్ల దగ్గరి పల్లెలో ఉన్న తల్లి లక్ష్మవ్వకు పంపించాడు.

పదిహేను రోజులకు జవాబు వచ్చింది. లక్ష్మవ్వ చెబుతుంటే పోస్టుమాన్ రాసిన ఉత్తరం.

"కోడలు ఉన్నది. మనుమడు ఉన్నడు. మగ్గం సుత ఉన్నది. నా కొడుకు ఏడి? పదకొండు ఫోటోలల్ల ఒక్కదాంట్ల లేడు. వానికేమన్న అయితే నాకు చెప్తలేరా? దీపావళి సెలవులల్ల మీరు ముగ్గురు కలిసి దిగి పంపుండ్రి. లేకుంటే నేనే బస్సెక్కి వస్త."

"తీసెటోడు ఫోటోల ఎట్ల ఉంటడవ్వా!" అని భూమయ్య ఉత్తరాన్ని బతిమాలాడు. ఉత్తరం వినిపించుకోలేదు.

సమ్మవ్వ గుండె గుభేలుమంది. అత్త వస్తుందని కాదు. 'ముగ్గురు' అన్న మాటకు.

ముగ్గురు కలిసి ఫోటో దిగితే ఆ ముగ్గురిలో ఒకరికి గండం. ఈ మాట ఆమెకు చెప్పింది వేరెవరో కాదు, సాక్షాత్తూ లక్ష్మవ్వే. రూపేష్ మొదటి పుట్టినరోజున సిరిసిల్ల స్టూడియోలో మొగుడూ పెళ్లాం పిల్లవాణ్ణి ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగపట్టి కూర్చున్న సమయాన "ఆగుండ్రి! ముగ్గురు దిగొద్దు!" అని కేక పెట్టింది. ఆ రోజు దిగిన ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది. నట్టనడుమ లక్ష్మవ్వ, ఆమె ఒళ్లో రూపేష్, ఆ అంచున ఒకరు ఈ అంచున ఒకరు కొడుకూ కోడలూ, పిలవని పేరంటానికి వచ్చినట్టు.

ఆనాటి నుంచి సమ్మవ్వ లెక్క తప్పలేదు. ఇద్దరు దిగుతుంది, నలుగురు దిగుతుంది, పెళ్లిలో నలభైమందితోనైనా దిగుతుంది. ముగ్గురితో మాత్రం దిగదు. పాపం అత్తకు వయసు మీదపడి తను చెప్పిన మాటే తను మరిచినట్టుంది. గుర్తు చేద్దామా అంటే, గండాన్ని నోటితో అనడమంటే గుమ్మంలోకి పిలిచినట్టే. అందుకని సమ్మవ్వ ఎవరికీ చెప్పలేదు. లోపల పెట్టుకుని కుమిలి చిక్కిపోవాలనుకుంది గానీ, భయమేస్తే ఆమెకు ఆకలి ఎక్కువ.

"దారిన పోయెటోనికి ఇచ్చి తీయమందామా?" అన్నాడు భూమయ్య.

"కెమెరా పట్టుకొని ఉరికితె? నువ్వు ఎనక ఉరుకుతవ్. రైలు కిందనో బస్సు కిందనో పడతవ్. మా గతేంది?"

భూమయ్య తను రైలు కింద పడిన దృశ్యాన్ని ఒక నిమిషం చూసి, ఆ ఆలోచన మానుకున్నాడు.

"అయితె స్టాండు కొందాం. కెమెరాకు పది సెకండ్ల మీట ఉన్నది. స్టాండు మీద పెట్టి, మీట నొక్కి, ఉరికొచ్చి మీ పక్కన నిలవడ్త. సెలవులల్ల మాథేరాన్ కొండ మీద దిగుదాం. అవ్వకు కొడుకూ కనవడ్తడు, కొండా కనవడ్తది."

అలా వీటీ గల్లీకి వచ్చారు.

దుకాణం సేఠ్ ముందు ఒక ఇనుప స్టాండు దించాడు. దించేటప్పుడు బల్ల మూలిగింది. "భాభీజీ, ఏనుగు ఎక్కినా కదలదు" అన్నాడు హిందీలో.

సమ్మవ్వ దాని కాళ్లను చూసింది. ఈ గాడిదకొడుకు కదలకుండా నిలబడి ముగ్గురినీ చూస్తాడు, అనుకుంది.

"మోసుడెట్ల? రూపేష్ బాపుకు నడుము నొప్పి. కొండెక్కాలె."

రెండోది అల్యూమినియం. సమ్మవ్వ దాని ముందు వంగి, పొయ్యి ఊదినట్టు గట్టిగా ఊదింది. కదలలేదు. "వద్దు" అంది. మూడోదాన్ని ఊదింది. కొంచెం కదిలింది. "ఇంకా తేలికది లేదా?" నాలుగోది సేఠ్ ఒక్క వేలితో తెచ్చాడు. ఊదక ముందే, ఆమె నోరు తెరవడం చూసే అది ఊగింది.

"గిదే కావాలె."

"భాభీజీ, ఇది గాలికి నిలబడదు. ఎవరైనా పట్టుకోవాలి" అన్నాడు సేఠ్. ఊగని స్టాండు కోసం తగాదా పెట్టుకున్నవాళ్లనే తప్ప, ఊగేదాన్ని ఊది మరీ ఎంచుకున్న మనిషిని అతను పుట్టాక చూడలేదు.

ఎవరైనా పట్టుకోవాలి! సమ్మవ్వకు కావలసిందీ అదే. పట్టుకున్న మనిషి ఫోటోలో ఉండదు. తను పట్టుకుంటుంది, తండ్రీకొడుకులు దిగుతారు. అత్తకు కొడుకు కనిపిస్తాడు, గండం తప్పుతుంది.

భూమయ్య కళ్లు చెమ్మగిల్లాయి. "నా నడుము మీద నీకు గింత రంది ఉన్నదని నాకు తెల్వదే."

"మరి లేకుంటదా?" అంది సమ్మవ్వ, స్టాండును ఇంకోసారి ఊగించి చూసుకుంటూ.

ప్రయాణం నాడు స్టాండు బరువు అరకిలో. సమ్మవ్వ సంచి బరువు ఎనిమిది కిలోలు. అందులో జొన్నరొట్టెలు ఇరవై, పల్లిపొడి, సకినాలు, మూడు సీసాల నీళ్లు, టార్చిలైటు, టార్చి పాడైతే కొవ్వొత్తి, కొవ్వొత్తి ఆరితే ఇంకో కొవ్వొత్తి, కట్టు కట్టే గుడ్డ, జ్వరం గోలీలు, ఒక తాళం, లోయలో ఎవరైనా పడితే గుంజడానికి బట్టలారేసే తాడు, గుంజినా లాభం లేకపోతే మనుషుల్ని గుర్తుపట్టడానికి రేషన్ కార్డు జిరాక్సు.

"పొద్దుగూకేవరకు తిరిగొచ్చుడే కదనే" అన్నాడు భూమయ్య.

"వస్తమని ఎవలన్నరు?" అంది సమ్మవ్వ.

కళ్యాణ్ దాకా షేర్ ఆటో, నేరల్ దాకా లోకల్, అక్కడి నుంచి కొండ మీదికి చిన్న రైలు. ఆ రైలు వంకర్లు తిరుగుతుంటే సమ్మవ్వ కళ్లు మూసుకుంది, భూమయ్య కెమెరా కన్ను తెరిచాడు. రైలు, రైలు నీడ, కోతి, కోతి పిల్ల, ఆ పిల్ల తింటున్న సకినం. కొండ అంచుకు చేరేసరికి ముప్పై ఆరు ఫోటోల రీలులో మిగిలింది ఒక్కటే.

"ఒక్కటి చాలు. మగ్గం మీద నేను గురి తప్పనా?" అన్నాడు భూమయ్య. మగ్గానికీ ఫోటోకూ సంబంధమేమిటో రూపేష్‌కు అర్థం కాలేదు.

లోయ అంచుకు ఇరవై గజాల దూరంలో నిలబడాలని సమ్మవ్వ హద్దు గీసింది. భూమయ్య స్టాండు కాళ్లు లాగి నిలబెట్టి, పైన కెమెరా బిగించాడు. లోయలోంచి గాలి లేచింది. స్టాండు, కల్లు తాగిన మనిషి మర్యాదగా నిలబడాలని చూసినట్టు, అటు వంగి ఇటు వంగింది.

"అయ్యయ్యో, ఊగుతున్నది గదా" అంది సమ్మవ్వ, గొంతులో సంతోషం బయటపడకుండా. "నేను పట్టుకుంట తియ్యి. మీరిద్దరు దిగుండ్రి."

భూమయ్య కదలలేదు. మొరాయించిన మగ్గం చుట్టూ తిరిగినట్టు స్టాండు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి కింద చూశాడు.

"సమ్మవ్వా, మగ్గం మీద పోగు వదులైతె ఏం జేస్తం?"

"నాకేం ఎరుక?"

"నూలు చుట్టిన బీము ఎనక తాడుకు ఇనుప దిమ్మ ఏలాడేస్తం. బరువు కిందికి గుంజితె అంతా బిగుస్తది. నీ సంచి ఇటియ్యి."

సమ్మవ్వ సంచిని కడుపుకు హత్తుకుంది. "కట్టుడెట్ల? తాడు లేదు."

"ఉన్నది బాపూ!" అన్నాడు రూపేష్. "లోయల పడితె గుంజుటానికి తెచ్చింది."

కన్నకొడుకు. తొమ్మిది నెలలు మోసింది.

మూడు కాళ్లు కలిసేచోట తాడు కట్టి, భూమయ్య సంచి వేలాడదీశాడు. స్టాండు నేలకు బిగించినట్టు నిలబడిపోయింది. రొట్టెలు, నీళ్లు, కొవ్వొత్తులు, గోలీలు, రేషన్ కార్డు. తన భయమంతా మూటకట్టి తెచ్చి, తనే ఆ స్టాండుకు ప్రాణం పోసింది సమ్మవ్వ.

"ఇగ రా, నిలవడు" అన్నాడు భూమయ్య.

ముగ్గురు. లోయ. గాలి. సమ్మవ్వ ఒకసారి మొగుణ్ణి చూసింది, ఒకసారి కొడుకును చూసింది. ఇద్దరూ బంగారంలా ఉన్నారు. సరిగ్గా అప్పుడే ఒక గుర్రంవాడు ఖాళీ గుర్రాన్ని నడిపించుకుంటూ అటు వచ్చాడు.

"గుర్రం!" అని అరిచింది సమ్మవ్వ. "గుర్రం గూడ దిగాలె!"

"ఎందుకే?"

"అందంగ ఉంటది!"

గుర్రం మనిషి కాదు, నిజమే. కానీ ప్రాణమైతే ఒకటి ఉంది కదా. ప్రాణాల లెక్కన నలుగురు. గండానికి అంత చదువు వచ్చి ఉండదు, తలలు లెక్కపెట్టుకుని పోతుంది, అనుకుంది. గుర్రంవాడి చేతిలో పది రూపాయలు పెట్టి, అతను దూరం జరిగేదాకా కళ్లురిమి చూసింది. లేకపోతే ఐదుగురవుతారు, అత్తకు ఐదోవాడి గోత్రం చెప్పలేక చావాలి.

భూమయ్య మీట నొక్కి, ఉరికొచ్చి గుర్రానికి అటుపక్క నిలబడ్డాడు.

"దహా, నవూ, ఆఠ్..." రూపేష్ బడిలో నేర్చిన మరాఠీలో వెనక నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

గాలి మళ్లింది. కెమెరా కింద వేలాడుతున్న సంచిలోంచి ఇరవై జొన్నరొట్టెల వాసన గుర్రం ముక్కుకు తగిలింది.

"సాత్, సహా, పాచ్..."

గుర్రం ఒక అడుగు ముందుకేసింది.

"అరే, ఆగు!" భూమయ్య దాని మెడ తాడు పట్టుకున్నాడు. గుర్రం భూమయ్యతో సహా నడిచింది.

"ఆపుండ్రి! నాలుగో ప్రాణం పోతున్నది!" సమ్మవ్వ కేక.

"ఎవల ప్రాణమే!" భూమయ్య కేక.

"అమ్మా, హలూ నకో, కదలకు!" రూపేష్ కేక.

టక్‌మంది కెమెరా.

గుర్రం తొమ్మిది రొట్టెలు తింది. పల్లిపొడి ముట్టలేదు.

భివండికి వచ్చి ఫోటో కడిగిస్తే, సమ్మవ్వ నోరు తెరిచి చేతులు చాపి ఉంది. రూపేష్ పడీపడీ నవ్వుతున్నాడు. మిగతా భాగమంతా గుర్రం. జాగ్రత్తగా చూస్తే ఆ గుర్రానికి ఆరు కాళ్లు. వెనకున్న రెండింటికి ప్యాంటు ఉంది.

సమ్మవ్వ మాత్రం దేవుడికి దండం పెట్టుకుంది. ఎట్లా లెక్కపెట్టినా నలుగురే. "మంచిగనే వచ్చింది, పంపు" అంది.

వారం తిరగకుండా లక్ష్మవ్వ బస్సు దిగింది. గుమ్మంలో చెంబు నీళ్లయినా ముట్టకుండా కొంగులోంచి ఫోటో తీసింది.

"కోడలు ఉన్నది. మనుమడు ఉన్నడు. మగ్గం పోయి గుర్రమచ్చింది. నా కొడుకేడి?"

"గీడనే ఉన్న గదనే అవ్వా!" అంటూ భూమయ్య మగ్గం దగ్గర నుంచి పత్తి దుమ్ము దులుపుకుంటూ వచ్చాడు. లక్ష్మవ్వ అతని చెంపలు తడిమి, ముక్కు పట్టి చూసి, మనిషేనని తేల్చుకున్నాక కోడలి వైపు తిరిగింది. "మరి ఈ గుర్రమెందుకే నడుమ?"

సమ్మవ్వకు ఇక దాచడం చేతకాలేదు. "నువ్వే అంటివి గదా అత్తా, ముగ్గురు దిగొద్దని, ఒకరికి గండమని! పొల్లగాని పుట్టినరోజు నాడు. నువ్వు మరిచిపోయినవ్. నేను మరువలే. అందుకే ఊగే స్టాండు కొన్న. అందుకే గుర్రాన్ని తెచ్చిన!"

"నా నడుము కోసం కాదా?" అన్నాడు భూమయ్య, పడిపోయిన మొహంతో.

లక్ష్మవ్వ గోడ మీది ఫోటోను చూసింది. నట్టనడుమ తను. చూసి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదరడం మొదలుపెట్టాయి. ఏడుస్తుందేమోనని సమ్మవ్వ దగ్గరికి ఉరికింది. అది నవ్వు.

"ఓ పిచ్చిదానా! ఆనాడు నన్ను పక్కకు నిలవెట్టి మీరు ముగ్గురే కూసుంటిరి. పుట్టి బుద్ధెరిగినంక నేను ఒక్క ఫోటో దిగలే. నన్ను సుత దింపుండ్రి అని కోడల్ని అడుగాల్నా? నామోషి గాదా? అందుకే గండం అన్న. నడుమకు వచ్చి కూసున్న."

సమ్మవ్వ చాప మీద కూలబడింది. తొమ్మిదేళ్లు. ఒక్క అబద్ధానికి తొమ్మిదేళ్లు తాళం వేసి కాపలా కాసింది. పైగా గుర్రానికి రొట్టెలు పెట్టింది.

"మాయలమారివి అత్తా నువ్వు" అంది. మొగుడి మొహం చూడలేక కాలి వేలితో నేల గీకుతూ, తనూ నవ్వింది.

ఆ సాయంత్రమే గుమ్మం ముందు స్టాండు పెట్టాడు భూమయ్య. గల్లీ అంతా మగ్గాలు నడుస్తుంటే నేల అదురుతోంది, నేలతోపాటు స్టాండు.

"ఈసారి మీరు ముగ్గురే దిగుండ్రి. స్టాండు నేను పట్టుకుంట" అంది లక్ష్మవ్వ, పెద్దమనసుతో. అంటూనే తల దువ్వుకుంటోంది.

సమ్మవ్వ లోపలికి పోయి, ఎనిమిది కిలోల సంచి తెచ్చి, తన చేత్తోనే స్టాండుకు వేలాడదీసింది. నడుమ పీట వేసింది.

"కూసో అత్తా. నీ జాగ నీదే."

భూమయ్య మీట నొక్కి ఉరికొచ్చాడు. రూపేష్ లెక్కపెట్టాడు. గుర్రం లేదు, గాలి లేదు. ఫోటో అద్దంలా వచ్చింది.

అందులో భూమయ్య ఉన్నాడు, అతని కాళ్లు అతని కిందే ఉన్నాయి. అతనూ, రూపేష్, లక్ష్మవ్వా సూటిగా కెమెరాను చూస్తున్నారు. సమ్మవ్వ ఒక్కతే పక్కకు తిరిగి, చూపుడువేలు కొంచెం లేపి, తలలు లెక్కపెట్టుకుంటోంది. ఆమె పెదవుల మీద 'నాలుగు' అన్న మాట సగం దాకా వచ్చి ఆగి ఉంది.