తిరగేసిన మూత

ఆ ఉదయం వదిన వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనాలు త్వరగా ముగించి, గిన్నెలు కడిగేసి, ఆడపడుచుతో కలిసి ఫోనులో కొరియా సీరియల్ పదో భాగం చూడాలి. అంతే.

ఆఫీసు వంటగదిలో వంట ఆమెది, తరుగుడు పని ఆడపడుచుది. ఆడపడుచు "వదినా" అని పిలిచీ పిలిచీ, ఆఫీసు మొత్తానికి ఆమె వదినై కూర్చుంది. ఇంట్లో ఉప్పూ నిప్పూలా ఉండే ఆ ఇద్దరినీ ఒక్కచోట కూర్చోబెట్టింది ఆ సీరియలే. సీరియల్లో రాజుగారి వంటశాలలో వంట చేసే అమ్మాయి ముల్లంగి తరుగుతుంటే వదిన కత్తి చప్పుడు వినేది. తలుపు చాటు నుంచి రాజు ఆ అమ్మాయిని చూస్తుంటే ఆడపడుచు ఆ చూపు చూసేది. గిన్నె మూత తీయగానే ఆవిరి లేచేది. ఆ ఆవిరి వెనక నుంచి మెల్లగా రాజు ముఖం తేలేది. అంతవరకూ ఇద్దరికీ ఊపిరాడేది కాదు.

తొమ్మిదో భాగం చివర ఘోరం జరిగిపోయింది. రాజుగారి దగ్గర నుంచి గిన్నె ఖాళీగా వెనక్కి వచ్చింది, మూత తిరగేసి. "మూత తిరగేస్తే పొద్దు గూకేలోగా వంటమనిషి కోట దాటాలి" అని ముసలి మంత్రి ప్రకటించాడు. ఆ అమ్మాయి తన గరిటె ఒక్కటీ గుడ్డలో చుట్టుకుని బయలుదేరింది.

"వదినా, ఇవాళ కొత్త మేనేజరుగారు తేల్చేస్తారట. మన వంటగది ఉంచుతారో, బయట నుంచి భోజనం డబ్బాలు తెప్పిస్తారో!" అంది ఆడపడుచు.

"తెలుసులే. నీ నోట్లో నువ్వుగింజ నానదు గానీ, ఆ గుమ్మడికాయ ఇలా తే."

మాట తేలిగ్గానే అంది. ఇంట్లో ఇద్దరి జీతాలూ ఆ పొయ్యి మీదే ఉడుకుతున్నాయని ఆమెకు తెలియనిదా? గుమ్మడికాయ సూప్ మనసు పెట్టి కాచి, మూత పెట్టి, అటెండరు చేత పైకి పంపింది.

కాసేపటికి పళ్ళెం తిరిగి వచ్చింది. గిన్నె నాకినట్టు ఖాళీ. మూత తిరగేసి ఉంది.

"నువ్వు తిరగేశావా?"

"నాకేం పని వదినా? సారే అలా పెట్టారు. పెట్టి నవ్వారు కూడా" అన్నాడు అటెండరు.

"అయ్యో, రాజు కూడా నవ్వాడే!" ఆడపడుచు గుండె పట్టుకుంది.

"నోర్ముయ్. ఇది ఆఫీసు, కోట కాదు" అంది వదిన. కానీ చేతులు ఆమె మాట వినలేదు. అవి గరిటెను గుడ్డలో చుట్టేస్తున్నాయి.

ఆడపడుచు మెట్లెక్కి పరుగెత్తింది. ఆ సీరియల్ పిచ్చి పట్టనివాళ్ళు ఆ ఆఫీసులో లేరు. కింద "వంటగది మూస్తారట" అన్న మాట మెట్లు దాటేసరికి "మూసేశారట" అయింది. వరండా చివరికి చేరేసరికి "రేపటి నుంచి మంచినీళ్ళు కూడా ఇంటి నుంచే తెచ్చుకోవాలట" అయి కూర్చుంది.

"సీరియల్లో ఎవరికైనా అన్యాయం జరిగితే ఏం చేస్తారు? కోట ముంగిట మోకరిల్లుతారు. పదండి!" అంది టైపిస్టు.

కుర్చీల మీది దిండ్లన్నీ వరండాలోకి వచ్చాయి. మోకాళ్ళ నొప్పుల క్యాషియర్ రెండు దిండ్లు వేసుకున్నాడు. గరిటె మూటతో సహా వదినను లాక్కొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టారు. మేనేజరు గది తలుపు తెరుచుకుంది. "సార్" అనబోయిన క్యాషియర్, ఆవేశంలో "ప్రభూ! దయ చూపండి!" అని అరిచాడు.

మేనేజరు ఒకసారి దిండ్ల వంక, ఒకసారి మూట వంక చూశాడు.

"మీరంతా ఎన్నో భాగంలో ఉన్నారు?"

"తొమ్మిదైపోయింది సార్" అంది వదిన నేల చూస్తూ.

ఆయన నెత్తి కొట్టుకున్నాడు. "అదా సంగతి! ఆ మంత్రి ఒట్టి అబద్ధాలకోరమ్మా. మూత తిరగేస్తే, చుక్క మిగల్చకుండా తాగాను, రేపూ ఇదే కావాలి అని అర్థం. రాజుకి చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పింది. పదమూడో భాగంలో వస్తుంది. మీరూ చూస్తున్నారని విని, ముచ్చటపడి అలా పెట్టాను."

"మరి... వంటగది?"

"ఈ సూప్ వదులుకుని డబ్బాల కూడు ఎవడు తింటాడు? తాగిన మరుక్షణం పైవాళ్ళకి ఫోన్ చేసి చెప్పేశాను. వంటగది ఉంటుంది, మీరిద్దరూ ఉంటారు."

గుండెల మీది కుంపటి దిగినట్టయి, వదిన అక్కడే కాళ్ళు చాపుకుని కూర్చుండిపోయింది. ఆడపడుచు ఆమె మెడ చుట్టేసుకుని ఏడుస్తూనే నవ్వుతోంది.

"ఇంట్లో ఎప్పుడూ లేదేమే ఈ ప్రేమ?" అంది వదిన, ఆ చేతులు విడిపించుకోకుండానే. క్యాషియర్ని ఇద్దరు పట్టి లేపారు. నవ్వులు వరండా దాటిపోయాయి.

అందరి నవ్వూ చూసి మేనేజరుకు హుషారు హెచ్చింది. "ఆ అమ్మాయికీ ఏం కాదమ్మా, దిగులు పడకండి. మంత్రి దొరికిపోతాడు, రాజు కిరీటం తమ్ముడి నెత్తిన పెట్టేసి, ఆమెతో కలిసి ఊళ్ళో చిన్న పూటకూళ్ళ..."

"సార్! చెప్పకండి!" వరండా అంతా ఒక్క గొంతుతో అరిచింది.

ఆ రోజు ఆ ఆఫీసులో ఎవరి ఉద్యోగమూ పోలేదు. ఆఖరి భాగం మాత్రం అందరికీ పోయింది.