ఐదు నిమిషాల హుకుం

1982 వానాకాలంలో ఒక బుధవారం ఉదయం జనార్దన్ పూజ ముగించుకుని, చాయ్ తాగుతూ ఆ రోజు పనిని రెండు మాటల్లో తేల్చేశాడు.

"మాపటికల్లా తాండూరు బండలొస్తయి, బీరయ్య మేస్త్రి పరుస్తడు. శుక్రవారం భజన కొత్త మందిరంలనే."

"బీరయ్య రేపు పొద్దుగాల కర్ణాటక పనికి పోతున్నడు. మూడు నెలలకు గాని రాడు," అన్నది ఇంద్రమ్మ. "బండలు రాకుంటే మేమందరం మట్టిల కూసోవాలె."

"సెక్రటరీ పెండ్లానివి, నీకేం ఫికర్?"

జనార్దన్ బండల లారీల సంఘానికి సెక్రటరీ. వికారాబాద్ నుంచి బషీరాబాద్ దాకా సంఘానికి లారీలు ఆగి చిట్టీ తీసుకునే నాకాలు ఐదు, వాటన్నిటికీ ఒకే తీగ మీద ఐదు ఫోన్లు. వాగులు పొంగే కాలం కనుక గంటకోసారి ప్రతి నాకా పక్క నాకాను పలకరించి, తన దగ్గరి దారుల సంగతి మిగిలిన అందరికీ చెబుతుంది. ఆ మాటలన్నీ కలిపి ఎవరి నాకాలో వారు దారుల నక్షా గీసుకుని, దగ్గరి దారి రాసి లారీకి చిట్టీ ఇస్తారు. మూడేళ్లుగా ఈ పద్ధతి మీద ఎవరికీ ఫిర్యాదు లేదు. జనార్దన్‌కు అదే నచ్చలేదు.

"వాగు పొంగితే గంటకు తెలుసుడేంది? ఇగ ఐదు నిమిషాలకోపారి పలకరించుండ్రి. రెండు సార్లు జవాబు రాకుంటే దారి బంద్ అని రాసుకొని అందరికి చెప్పుండ్రి," అని తొమ్మిదింటికి ఫోన్లో నాకాలన్నిటికీ హుకుం ఇచ్చాడు.

"సాబ్, తీగ ఒక్కటే," అన్నాడు తాండూరు నాకా గుమాస్తా మజహర్. "ఇద్దరు మాట్లాడితే తక్కినోళ్లకు కలువది."

"జల్ది మాట్లాడు, మజహర్ భాయ్."

కోట్‌పల్లి నాకా సత్యమ్మ పెద్దేముల్‌ను పలకరించబోతే తీగ ఖాళీ లేదు. రెండోసారీ లేదు. హుకుం ప్రకారం ఆ దారి బంద్ అని రాసి, అందరికీ చెప్పడం మొదలుపెట్టింది. ఆమె చెబుతున్నంతసేపు తాండూరుకు బషీరాబాద్ పలకలేదు. అదీ బంద్. మజహర్ ఆ కబురు చెబుతుండగా వికారాబాద్‌కు కోట్‌పల్లి పలకలేదు. పదకొండింటికల్లా వికారాబాద్ ఆఫీసులో జనార్దన్ నక్షాలో దారులన్నీ ఎర్ర గీతలే. ఆకాశంలో మాత్రం మబ్బు తునక లేదు.

"చూసినవా," అన్నాడు, సద్ది తెచ్చిన ఇంద్రమ్మతో. "పాత పద్ధతైతే ఇంత ఉపద్రవం మనకు తెల్వకనే పోతుండె."

"వానెక్కడ పడ్డది?"

"అది అడుగుదామనే ఫోన్ చేస్తున్న. కలుస్తలేదు."

రెండింటికి, ఇక బండలు రావని బీరయ్య తాపీ కడుక్కుని మూట కట్టుకోసాగాడు. ఇంద్రమ్మ మందిరం ముందు నిలబడి మొక్కుకుంది. మొక్కుకు తీగ అక్కర్లేదు కనుక అది దారిలో ఎక్కడా ఆగినట్టు లేదు. అరగంటకే గఫూర్ లారీ బండలతో వచ్చి ఆగింది.

జనార్దన్ ఆఫీసు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "దారులన్ని బంద్. నువ్వెట్లొచ్చినవ్?"

"రోడ్డు మీదికెళ్లే, సాబ్."

"చిట్టీ ఎవరిచ్చిండ్రు?"

"మజహర్ భాయ్ పొద్దటిసంది ఫోన్ దించలే. నాకా కాడ పది లారీలు నిలబడ్డయి. పెద్దేముల్ దిక్కుకెళ్లి ఎడ్లబండి వస్తే చక్రాలు చూసిన. దుమ్ము తప్ప తడి లేదు. బిస్మిల్లా అని బండి తీసిన."

బీరయ్య మూట విప్పాడు. దీపాలు పెట్టే వేళకు చివరి బండ పరిచాడు.

జనార్దన్ అప్పటికే హుకుం వెనక్కి తీసుకుందామని ఫోను పిడి తిప్పీ తిప్పీ అలసిపోయాడు. చివరికి రద్దు హుకుం కాగితం మీద రాసిస్తే, దాన్ని గఫూరే, బంద్ అయిన దారుల మీదుగా, నాకా నాకాకూ చేరవేశాడు.