తొమ్మిదో నంబరు నెత్తురు

ఆ ఆదివారం పొద్దున నవత వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. బోధన్‌లో తమ వాకిట్లోనే నలభై మంది ఆడవాళ్ల దగ్గర నర్సుతో రక్తం తీయించాలి. వాళ్లలో ఇరవై మంది బీడీలు చుట్టేవాళ్లు, ఇరవై మంది పొగాకు ముట్టనివాళ్లు. సీసాలు మంచుపెట్టెలో సర్దుకుని తొమ్మిదింటి బస్సుకు నిజామాబాదులోని ల్యాబుకు బయలుదేరాలి.

పొగాకు ధూళికి కణాల్లోని డీఎన్‌ఏ ఎంత తెగిందో చూసే పరీక్ష అది. సూక్ష్మదర్శిని కింద తెగిన డీఎన్‌ఏ తోకలాగా సాగి కనబడుతుంది. తోక ఎంత పొడవైతే దెబ్బ అంత ఎక్కువ. తల్లి బీడీలు చుట్టి చదివించిన పిల్ల కనుక నవతకు ఇది పీహెచ్‌డీ ఒక్కటే కాదు, పంతం కూడా. అయితే మొదటిసారి పంపిన వ్యాసాన్ని పత్రికవాళ్లు మర్యాదగానే తిప్పికొట్టారు. ఇలాంటి పరీక్ష గురించి రాసేటప్పుడు ఏమేం చెప్పితీరాలో ఒక జాబితా ఉంది. రక్తం ఎంతసేపు నిలవ ఉంది, ఎన్ని కణాలు చూశారు, లెక్కపెట్టిన మనిషికి ఏది ఎవరిదో తెలుసా, ఇలా. ఆ చివరి సంగతే నవత రాయలేదు. మూడో అవకాశం ఉండదని గైడు ఆత్మారాం సారు ముందే చెప్పేశారు.

అందుకే ఈసారి సీసాల మీద పేర్లుండవు, నంబర్లే. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం తండ్రి రాజమల్లు దగ్గరే ఉంటుంది. "నా లెక్క అయ్యేదాక ఎవరడిగినా చెప్పొద్దు బాపూ. నేనడిగినా చెప్పొద్దు," అంది. పీహెచ్‌డీ బిడ్డ తనకు పని అప్పగించినందుకు రాజమల్లు మీసం ఆ పూటంతా కిందికి దిగలేదు.

ఎనిమిదో నంబరు వచ్చిన రాధాబాయి చెయ్యి వెనక్కి లాక్కుంది. ఎనిమిది శని నంబరు. కొడుకు ఆటోకు తొమ్మిది కలిసే నంబరు కోసం ఆర్నెల్లు ఆగిన మనిషి, ఒంట్లో నెత్తురికి ఎనిమిది వేయించుకుంటుందా? ఆమెకు తొమ్మిది రాసేసరికి పక్కనున్న పుష్పలత కూడా తొమ్మిదే కావాలని పట్టుబట్టింది. ఇక తక్కినవాళ్లు పెళ్లిరోజులూ, కలిసొచ్చిన తేదీలూ బయటికి తీశారు. రాజమల్లు ఎవరితోనూ వాదులాడలేదు. అడిగినవాళ్లకు అడిగిన నంబరు అంటించాడు. నవత లోపల మంచుపెట్టె సిద్ధం చేసుకుంటూ ఈ వేలంపాట చూడనే లేదు.

మర్నాడు పది స్లైడ్లు చూసిందో లేదో ఫోను మోగింది. రాధాబాయి. తనది తొమ్మిదో నంబరనీ, నెత్తురు ఎట్లుందో చెప్పమనీ. ఎవరి నంబరూ తెలియకూడని నవత ఏమీ చెప్పకుండా ఫోను పెట్టేసింది. చెప్పకపోవడమే చేటైంది. చెప్పలేదంటే జబ్బేనని రాధాబాయి భయపడింది. తనదీ తొమ్మిదే కదా అని పుష్పలత ఇంకా భయపడింది. మధ్యాహ్నానికల్లా, రక్తం తీసేముందు నవత చెప్పిన తోకలు తమ నెత్తురులో ఉన్నాయన్న సంగతి వీధంతా పాకి, మూడు ఆటోల నిండా ఆడవాళ్లు ల్యాబు వరండాలో దిగి తలా ఒక నంబరు వినిపించారు. తోక కనబడ్డంత మాత్రాన జబ్బు కాదని నవత నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాల్సి వచ్చింది. తొమ్మిది ఎవరిదన్న దగ్గర మాత్రం రాధాబాయీ పుష్పలతా జుట్లు పట్టుకోవడమే తక్కువ.

ఆత్మారాం సారు తలుపు దగ్గర నిలబడి అంతా విన్నారు.

"ఏది ఎవరిదో నీకు తెలిసిపోయినట్టే గదమ్మా. ఇది దాచొద్దు, రాయాలె. రాస్తే వ్యాసం మళ్ల తిరిగొస్తది," అన్నారు.

ఆయన కోప్పడి ఉంటే బాగుండుననిపించింది నవతకు. నాలుగేళ్ల కష్టం కళ్లముందే నీళ్లపాలైంది. స్టూలు మీద కూర్చుని ఏడ్చేసింది. ఆటోల వెనకే బస్సులో వచ్చిన రాజమల్లు ఆడవాళ్లను చాయ్‌కి పంపి, బిడ్డ పక్కన నిలబడ్డాడు.

"లెక్క ఆపకు బిడ్డా. ఆఖరి సీసా దాక మొత్తం వొడగొట్టు."

ఎందుకని అడిగితే నోరు విప్పలేదు. సారు అడిగినా విప్పలేదు. నవత తండ్రి మీద కోపంతోనే రెండు రోజులు కూర్చుని కడపటి స్లైడు దాకా లెక్కపెట్టింది. పుస్తకం మూసి సారు చేతిలో పెట్టాకే రాజమల్లు బనీను జేబులోంచి కాగితం తీశాడు. అందులో తొమ్మిది రాధాబాయిది కాదు, పుష్పలతదీ కాదు. వరండాలో వినిపించిన నంబర్లలో ఒక్కటీ కలవలేదు. కాగితంలో పేర్లు రాసుకున్న వరసలోనే సీసాలను నిలబెట్టి, ఆడవాళ్లు వెళ్లిపోగానే ఒక్కోదానికీ చీటీ పీకి, ఎవరికీ తెలియని కొత్త నంబరు అంటించాడట.

"ముప్పై ఏండ్లు కంపెనీల బీడీలు చెకింగ్ జేసిన. ఎవల గంపనో ఎరుకైతే మనోళ్ల వంకర బీడీ గూడ సక్కగనే కనవడ్తది. గందుకే గంపలు తారుమారు జేసి సూస్తుంటి," అన్నాడు.

"నేను ఏడ్సినప్పుడన్న చెప్పొద్దా బాపూ?"

"నువ్వడిగినా చెప్పొద్దన్నవ్ గద."

నవతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఇంత చదువు చదివి తాను జాబితా చూసి నేర్చుకున్నదాన్ని, ఈ మనిషి ఎవరూ చెప్పకుండానే ముప్పై ఏళ్లు పాటించాడు. "మా బాపు సార్," అని ఆత్మారాం సారుకు గర్వంగా మరోసారి పరిచయం చేసింది.

ఏదీ దాచకూడదు కనుక, శని నంబరు మొదలు మూడు ఆటోల దాకా అంతా రాసి పంపింది. ఇంత వివరంగా రాసిన వ్యాసం తాము చూడలేదని మెచ్చుకుని పత్రికవాళ్లు అచ్చుకు తీసుకున్నారు. నంబర్లు మార్చిన నిపుణుడి అర్హతలు మాత్రం తెలపమన్నారు. నవత ఏడో తరగతి అని రాసి పంపితే, ఏ శాస్త్రంలోనని అడుగుతూ మళ్లీ ఉత్తరం వచ్చింది.