నూట నలభై గ్రాముల పుకారు

ఆ రోజు ఉదయం లెక్కలమ్మ పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలకల్లా పెద్ద డాక్టరమ్మ బల్ల మీద ఒక పట్టిక ఉంచాలి. ఆస్పత్రిలో చిన్నా పెద్దా అంతా ఆమెను లెక్కలమ్మ అనే పిలుస్తారు. ఉబ్బసం ఉన్న గర్భిణులు పీల్చే మందు వాడితే పుట్టే బిడ్డల మీద దాని ప్రభావం ఎలా ఉంటుందో గణాంకాలతో తేల్చడం రెండేళ్ళుగా ఆమె పని. నాలుగువేల ఇరవై మంది తల్లులు, నాలుగువేల ఇరవై వరసలు. మందు వాడితే ఒకటి, వాడకపోతే సున్నా, పక్కన బిడ్డ బరువు. ఒక్కో వరసలో ఒక్కో ప్రాణం తొలిసారి ఊపిరి తీసుకుందని తలచుకుంటే ఆమెకు ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది.

తొలి లెక్క ముందురోజే తేలింది. మందు వాడినవాళ్ళ పిల్లలు సగటున నూట నలభై గ్రాములు తక్కువ. అయితే అది సగం లెక్కే. జబ్బు ముదిరినవాళ్ళకే డాక్టర్లు మందు ఎక్కువగా రాస్తారు కనుక, ఆ తరుగు మందు చేసిన పాపమో, జబ్బు చేసిన పాపమో ఇంకా విడదీయాలి. ఆ మాట కాగితం అడుగున రాసుకుంది. రాసుకుని, ఆ కాగితాన్ని భోజనాల బల్ల మీదే మరిచిపోయి ఆఫీసుకు వెళ్ళిపోయింది.

అమ్మ వచ్చి కాగితం అడుగుభాగం మీద కాఫీ గ్లాసు పెట్టి, పైభాగం చదివింది. ఇంట్లో ఏడో నెల నడుస్తున్న చిన్నకూతురు ఉంది. దానికి చిన్నప్పటినుంచీ ఉబ్బసం. గ్లాసు అక్కడే వదిలేసి ఆవిడ వెంటనే తన చెల్లెలికి ఫోన్ చేసింది.

"నీకొక్కదానికే చెబుతున్నానే. పీల్చే మందు వాడితే కడుపులో బిడ్డ నూట నలభై గ్రాములు తగ్గిపోతుందట. మా పెద్దది లెక్క కట్టి మరీ తేల్చింది."

పిన్ని ఆ రహస్యాన్ని పక్కింటి టీచరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు. టీచరు కడుపుతో ఉన్న తన కోడలికి చెప్పింది. కోడలు ఆస్పత్రి గర్భిణులంతా ఉన్న ఫోన్ గ్రూపులో పెట్టింది. అక్కడ ఒక సున్నా తోడై గ్రాములు పద్నాలుగు వందలయ్యాయి. ఒకావిడ భర్త సగమే విని, "కడుపుతో ఉండి మందు కొడితే బిడ్డలు తగ్గరా మరి!" అని నీతి చెప్పబోయి, భార్య చేత నాలుగు తిన్నాడు.

పది కావడానికి పది నిమిషాలుందనగా హెడ్ నర్సు ఆయాసపడుతూ వచ్చింది.

"ఏం చేశావు లెక్కలమ్మా? ఇవాళ ఉబ్బసం ఉన్నవాళ్ళ పరీక్షల రోజు కదా! వచ్చినవాళ్ళంతా మందు డబ్బాలు వెనక్కిచ్చేస్తున్నారు. నువ్వే నిషేధించావట!"

"నేనా? మా ఇంట్లో టీవీ ఆపమంటేనే ఎవరూ వినరండీ!"

కిందకు దిగితే వరండా పొడుగునా వరస. వరసకు మొదట, చిన్నకూతురి చెయ్యి పట్టుకుని, అమ్మ.

"తోడబుట్టినదానికి చెప్పకుండా ఊరందరికీ లెక్కలు చెబుతావుటే?"

"అది సగం లెక్కమ్మా! కింద రాశాను కదా?"

"కింద గ్లాసుంది."

పెద్ద డాక్టరమ్మ గది తలుపు తెరుచుకుంది. "ఎవరూ మందు మానకండి! మీకు ఊపిరాడకపోతే లోపల బిడ్డకెలా ఆడుతుంది?" అని ఆవిడ గొంతు వరండా అంతా మోగింది. అంతలో లెక్కలమ్మ చెల్లెలి ఛాతీలోంచి సన్నగా పిల్లికూతలు వినిపించాయి. హెడ్ నర్సు వెనక్కిచ్చిన డబ్బాలున్న ట్రేలోంచి ఆమె డబ్బా లాక్కుని, "పీల్చవే, నా తల్లీ, పీల్చు," అంది.

లెక్కలమ్మ కళ్ళు డబ్బా వెనకనున్న చిన్న గడి మీద పడ్డాయి. ఇంకా ఎన్ని మోతాదులు మిగిలాయో చూపే గడి అది. నూట ఇరవై. కొత్త డబ్బాలోనూ నూట ఇరవయ్యే ఉంటాయి.

"ఇది ఇచ్చి రెండు నెలలైంది కదే! రోజూ పీల్చడం లేదా?"

చెల్లెలు తల దించుకుంది. "బిడ్డకేమవుతుందోనని భయమేసిందక్కా. నువ్వు తిడతావని చెప్పలేదు."

లెక్కలమ్మ ట్రేలో డబ్బాలు ఒక్కొక్కటే తిప్పి చూసింది. నూట ఇరవై. నూట పద్దెనిమిది. మళ్ళీ నూట ఇరవై. యాభైరెండింటిలో ముప్పై ఒకటి ముట్టుకున్నట్టే లేవు.

"మరి ఆయాసం వస్తే ఏం చేసేవారమ్మా?" అని వెనకావిడను అడిగింది.

"గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. బిడ్డ కోసమే కదమ్మా, ఓర్చుకున్నా."

లెక్కలమ్మకు తన పట్టిక గుర్తొచ్చింది. డాక్టరు చీటీ రాస్తే మందు వాడినట్టేనని, ఇలాంటివాళ్ళందరి పక్కనా తన చేత్తో ఒకటి వేసింది. రెండేళ్ళుగా తాను చూస్తున్న ఆ ఒకట్ల వెనక ఇంత భయం, ఇంత ఓర్పు, ఇంత ప్రేమ గోడలకు ఆనుకుని కూర్చున్నాయి. గుడిలో నిలబడ్డట్టు ఆమె ఆ వరస ముందు అలా నిలబడిపోయింది.

తర్వాత మూడు నెలలూ ఆఫీసంతా తల్లులకు ఫోన్లు చేసి, "డబ్బా ఇంటికి తీసుకెళ్ళారు సరే, పీల్చారా?" అని అడిగింది. జబ్బు తీవ్రతనూ కలిపి లెక్క మళ్ళీ కట్టేసరికి అంతా తలకిందులైంది. నిజంగా పీల్చినవాళ్ళ పిల్లల బరువు తగ్గనేలేదు. తరుగంతా డబ్బా దాచుకుని ఆయాసం దిగమింగినవాళ్ళ వైపే తేలింది. ఆ వారమే చెల్లెలికి మూడు కిలోల రెండువందల గ్రాముల పాప పుట్టింది. ఎంత గట్టిగా ఏడ్చిందంటే, పక్క వార్డు నుంచి కూడా జనం చూడ్డానికి వచ్చారు.

నివేదిక అంతా సిద్ధమైంది. "సమాచారం సేకరించిన పద్ధతి" అన్న చోట పుకారు అని రాయాలో, కాఫీ గ్లాసు అని రాయాలో మాత్రం లెక్కలమ్మకు ఇంకా తోచలేదు.