తూకం వేయని ట్రైలరుకు బరువుండదు

పెద్ద ఎస్‌యూవీకి వెనకాల ట్రైలరు అనే చక్రాల ఇల్లు తగిలించుకుని కొండలకు బయలుదేరిన వాడిని ఆపి, "ఇది దాన్ని క్షేమంగా లాగుతుందా?" అని అడిగేవాడు సంసార ద్రోహి. అలాంటివాడిని ఊరి పొలిమేర దాటి లోపలికి రానివ్వకూడదు.

ఊరికే అనడం లేదు. మా నెబ్రాస్కాలో వేసవి వచ్చిందంటే ప్రతి మూడో ఇంటి ముందూ ఒక ట్రైలరు మొలుస్తుంది. దాని ముందు ఒక ఎస్‌యూవీ నిలబడి ఉంటుంది. ఇది అంత లాగగలదా అని ఎవరూ అడగరు. అడగకపోవడం వల్లే ఇన్ని కుటుంబాలు ఇంకా కలిసి ఉన్నాయి.

పెళ్లి చేసుకునే ముందు ఎవరైనా తూచి చూసుకుంటారా? చూసుకుని ఉంటే వెర్నెల్ నన్ను చేసుకునేదా? ఆమె పోయి నాలుగేళ్లయింది. ఇక తూచినా లాభం లేదు.

మా అల్లుడు డారిన్ ఈ వసంతంలో ట్రైలరు కొన్నాడు. స్కూలు బస్సంత పొడుగు. లాగడానికి ఏడు సీట్ల ఎస్‌యూవీ అప్పటికే ఉంది. అమ్మినవాడు, "ఇది వెనకాల ఉందన్న సంగతే మీకు తెలీదండీ" అన్నాడట. ఎంత గొప్ప హామీ! వెనకాల ఏముందో తెలియకుండా ముందుకు పోవడం కంటే మనిషికి సుఖం ఏముంటుంది? డారిన్ బీమా సంస్థలో పనిచేస్తాడు. ఊళ్లోవాళ్లకు రాబోయే ప్రమాదాలన్నీ లెక్కగట్టడం అతని వృత్తి. ఇంటికి వచ్చాక ఆ పని చేయడు.

ఈస్టర్ భోజనాల దగ్గర మా అమ్మాయి లోర్నా పంది మాంసం వడ్డిస్తూ, "జూలైలో బిగ్‌హార్న్ కొండలకు పోతున్నాం. ఈసారి నువ్వు కూడా రావాలి నాన్నా" అంది.

వెర్నెల్ పోయాక నన్ను ఎవరైనా ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు. ఆలోచించి చెబుతానన్నాను. ఇంటికొచ్చి, కోటు విప్పకముందే సంచి సర్దాను.

ఇక బండి సత్తా తేల్చాలి. మా ఊళ్లో దానికి శాస్త్రం ఉంది. పొద్దున ధాన్యం గోదాము దగ్గర కాఫీ తాగే మగవాళ్లందరూ కప్పులు చేత్తో పట్టుకుని ట్రైలరు చుట్టూ ఒకసారి తిరుగుతారు. తర్వాత టైరును బూటుతో తన్నుతారు. టైరు తిరిగి తన్నకపోతే బండి లాగుతుందని అర్థం. గోదాము చూసుకునే లీలాండ్ అందరికంటే గట్టిగా తన్నాడు.

"లాగి పారేస్తుంది" అన్నాడు.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"మా బావమరిది ఇంతకంటే పెద్దదాన్ని ఇంతకంటే చిన్న బండితో లాగాడు."

"ఇప్పుడెక్కడున్నాడు?"

"పోయాడు. అంటే, దాని వల్ల కాదులే. చాలావరకు కాదు."

ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అయినా కావాలంటే బండితో వచ్చిన రంగుల పుస్తకం ఉంది. ఎనిమిది వేల పౌండ్లు లాగుతుందని అందులో పెద్ద అక్షరాలతో వేశారు. అది అబద్ధం కాదు. బండిలో బక్క డ్రైవరు ఒక్కడే ఉండాలి. వెనక ఇంట్లో గాలి తప్ప మరేమీ ఉండకూడదు. అప్పుడది అక్షరాలా నిజం. ఖాళీ ఇల్లు వెనకేసుకుని ఒక్కడే బతుకు లాగడం నేను నాలుగేళ్లుగా చేస్తున్నాను. నిజంగానే ఏమంత కష్టం కాదు.

లాగే బలం వేరు, మోసే బలం వేరు అని కొందరు చాదస్తులు వాదిస్తారు. ఎద్దు బండిని లాగుతుంది కదా అని కాడి మీద బస్తాలు పేరిస్తే మెడ విరుగుతుందంటారు. ట్రైలరు ముక్కు బండి కొక్కెం మీద ఆనుతుంది. ఆ ఆనిన బరువు, లోపల కూర్చున్నవాళ్ల బరువు, డిక్కీలో కుక్కిన సామాను బరువు, అన్నీ ఆ బండే మోయాలట. ఎంత మోయగలదో డ్రైవరు తలుపు అంచున చిన్న చీటీ అంటించి ఉంటుందట. దాన్ని చదవాలంటే తలుపు తెరిచి, నడుం వంచి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. పౌరుషం ఉన్న మగవాడు అన్ని పనులు ఒకేసారి చేస్తాడా?

ట్రైలరు తగిలించగానే డారిన్ బండి కుక్క కూర్చున్నట్టు వెనక్కి కూలబడింది. ముక్కు పైకి లేచింది. లైట్లు వేస్తే చర్చి గోపురం మీద పావురాలు కళ్లు మూసుకున్నాయి. చింతించాల్సిన పని లేదు, దీనికీ మందుంది. కొక్కేనికి రెండు పక్కలా ఇనుప బద్దలు బిగించారు. బండి వెనక భాగం పైకి లేచింది.

"చూశారా మామయ్యా, సమంగా అయిపోయింది" అన్నాడు డారిన్.

"మరి బరువెక్కడికి పోయింది?"

"సర్దుకుంది."

బెల్టు బిగిస్తే పొట్ట సర్దుకున్నట్టే. మా కుటుంబంలో వచ్చిన ప్రతి చిక్కూ ఇలాగే తీరింది.

ఇక ఆగడం సంగతి. లాగితే సరిపోదు, ఆగాలి కదా అంటారు. ఎందుకు ఆగాలి? సెలవులకు పోయేది ఆగడానికా? బిగ్‌హార్న్ దిగుడు దారి మైళ్ల తరబడి జారుడుబల్లలా ఉంటుంది. బ్రేకులు కాలిపోయిన బండ్ల కోసం ప్రభుత్వం పక్కనే కంకర పోసిన దారులు వేసింది. వాటిలోకి దూసుకుపోతే ఇరుసుల దాకా కూరుకుని ఆగిపోవచ్చు. మన కోసం అంత ఖర్చుపెట్టి కంకర పోస్తే వాడకపోవడం మర్యాదేనా?

ఇంత తెలిసి కూడా నేను పాపం చేశాను. బయలుదేరే ముందు రోజు, "ఒకసారి కాటా ఎక్కిద్దాం" అన్నాను. బండిలో నా మనవలు ఇద్దరు ఉంటారు. వాళ్లు ఆ కంకరలో ఆడుకోకూడదన్నది నా దురుద్దేశం.

"నీకు ప్రతిదీ అనుమానమే నాన్నా" అంది లోర్నా.

"మీకు భయమైతే కళ్లు మూసుకుని కూర్చోండి మామయ్యా" అన్నాడు డారిన్.

నేను వదల్లేదు. కాటా ఎక్కకపోతే పిల్లలను ఎక్కనివ్వనన్నాను. చివరికి పోరు పడలేక ఒప్పుకున్నారు.

గోధుమ కోతల రోజులు. గోదాము కాటా దగ్గర లారీలు బారులు తీరి ఉన్నాయి. మేమూ వాటి మధ్య నిలబడ్డాం, రేపటి ప్రయాణానికి ఎలా ఎక్కుతామో అలాగే ఎక్కి. పిల్లలు నడిమి సీట్లలో. నేను మూడో వరసలో, మోకాళ్లు చెవుల దాకా మడుచుకుని, ఒళ్లో వాళ్ల కుక్కతో. ఆ మూడో వరస సరిగ్గా వెనక ఇరుసు నెత్తి మీదే ఉంటుంది. ట్రైలరు చక్రాలను కింద వదిలేసి, ఎస్‌యూవీ చక్రాలను మాత్రం కాటా మీద నిలిపారు. డారిన్ జీవితంలో మొదటిసారి తలుపు తెరిచి, వంగి, చీటీ చదివి అందులోని అంకె లీలాండ్‌కు అరిచి చెప్పాడు.

లీలాండ్ కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఎక్కువైంది డారిన్."

"ఎంత?"

లీలాండ్ తల గోక్కున్నాడు. "ఒక మనిషంత. బాగా తిన్న మనిషంత."

నేను గెలిచాను. ఆ సంతోషం దాదాపు అర నిమిషం నిలిచింది.

"ఏదో ఒకటి దింపాలి" అన్నాను. "వెనకాల వేసిన ఆ చలిమంట పొయ్యి పెట్టె ఎందుకు? జూలైలో చలి ఎక్కడుంది?"

"అది కరెంటుది నాన్నా. వేడి రాదు. మంట కనిపిస్తుంది, అంతే" అంది లోర్నా.

"మరి సైకిళ్లు?"

"పిల్లలు ఏడుస్తారు."

"పడవలు?"

"గాలి ఊదే పడవలు మామయ్యా. గాలికి బరువేముంది?" అన్నాడు డారిన్.

"కుక్కను పక్కింట్లో వదిలితే?"

"అది ఒంటరిగా ఉండలేదు నాన్నా. బెంగ పెట్టుకుంటుంది" అంది లోర్నా.

వెనక లారీవాడు హారన్ కొట్టాడు. డారిన్ అద్దంలోంచి నా వైపు చూశాడు.

"మీకైతే అలవాటే కదా మామయ్యా" అన్నాడు. "అంటే, ఇల్లు చూసుకోవడం."

"పైగా ఆ ఎత్తు నీ గుండెకు పడదేమో నాన్నా" అంది లోర్నా. నా గుండె గురించి ఆమె అడిగి చాలా కాలమైంది. కాబట్టి ఆప్యాయంగానే అనిపించింది.

కుక్కను సీటులో కూర్చోబెట్టి, సంచి తీసుకుని దిగాను. కాటా ముల్లు కిందికి వాలింది.

"ఇప్పుడు సరిగ్గా సరిపోయింది" అన్నాడు లీలాండ్. లారీవాళ్లు హారన్లు మోగించారు. మా ఊళ్లో నా కోసం ఇంత సందడి నా పెళ్లికి కూడా జరగలేదు.

వాళ్లు వెళ్లారు, క్షేమంగా తిరిగి వచ్చారు. లోర్నా ఫోన్ చేసింది.

"నువ్వు చెప్పిందే నిజం నాన్నా. దిగుడులో బ్రేకులు కాలిన వాసన వచ్చింది. ఇంకాస్త బరువుంటే ఆగేది కాదంటున్నాడు డారిన్. అందరం నిన్నే తలుచుకున్నాం."

"మంచిది" అన్నాను.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, నా మాట వినండి. ఎస్‌యూవీ ఎంత లాగుతుందో, ఎంత మోస్తుందో ఎన్నడూ తేల్చుకోకండి. కాటా అబద్ధమాడదు, ఒప్పుకుంటాను. కాని అది ఎక్కువైందని మాత్రమే చెబుతుంది. ఏది ఎక్కువైందో చెప్పదు. అది మనవాళ్లు చెబుతారు.