సున్నలో లాభం

లంక మునిగిన వరద ఏడు. ఆ ఏడు కొత్తపేట రేవులో అంకెలు రద్దయ్యాయి.

‘లెక్క అనేది విడిగా లేదు. ఉన్నదంతా తర్కమే. కనుక తర్కంతో రుజువు కాని అంకెను రేవులో ఎవరూ పలకరాదు’ అని దండోరా వేశారు. (ఎన్నిసార్లు వేశారో చెప్పడానికి వీల్లేదు.) అంకెలను రుజువు చెయ్యడానికి మాణిక్యాలరావు పంతులుగారనే తర్కాధికారి పీటతో సహా రేవులో దిగారు.

పీట సర్దుకునేలోపే గోదావరి పొంగింది. నా భార్య సుబ్బమ్మ అవతల లంకలో, మా పాకలో ఉంది. రేవులో పడవ ఉంది. పడవలో సరంగు నూకరాజు ఉన్నాడు. పడవ కదలడానికి పంతులుగారి చీటీ లేదు. ఎంతమందిని తేవాలో రాస్తేగాని చీటీ ఇవ్వరు.

“ఎంతమందయ్యా?” అన్నారు పంతులుగారు.

“మా ఆడమనిషి ఒక్కర్తేనండి.”

“ఒకటి ఇంకా రుజువు కాలేదు. సున్న దగ్గర్నుంచి రావాలి. తాను తానే కాని వస్తువు లోకంలో ఉందా?”

“లేదండి.”

“అదీ! అదే సున్న.” మురిసిపోతూ రాసుకున్నారు. “ఇప్పుడు చెప్పు. అలాంటి సున్నలు ఎన్ని?”

ఒకటి అనకూడదు. నీళ్లు మెట్లెక్కుతున్నాయి. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని మనం ఒకటి అనం కదా, దానికి బదులు శుభానికి అనే మాటే నోటికొచ్చింది.

“లాభం అండి.”

కలం ఆగింది. “సున్నలో లాభమా!”

“ఆయ్, లాభమేనండి” అని పడవలోంచి నూకరాజు అందుకున్నాడు. “లాభం తర్వాత రెండండి. చీటీ ఇప్పించండి పంతులుగారూ, నీళ్లు తమరి పీట కిందకొచ్చేశాయండి.”

“లాభం తర్కంలో లేదు” అని ఆయన కాళ్లు పీట మీదికి తీసుకుని, విషయాన్ని పై విచారణకు రాజమహేంద్రవరం రాశారు.

ఈలోగా సుబ్బమ్మ అరటిబోదెల తెప్ప మీద, చంకలో కోడిపెట్టతో తనే వచ్చేసింది.

“పడవెట్టుకుని ఇక్కడేం చేత్తన్నారండీ?”

“నిన్ను రుజువు చేస్తున్నాం.”

“పాక కొట్టుకుపోయింది. దాన్నీ చెయ్యండి” అంది.

మర్నాడు పొద్దున్నే రేవుకెళ్లి పాక పోయిందని చెప్పాను. పంతులుగారు అప్పటికే రాసేశారు. కొట్టుకుపోయిన ఇళ్లు: సున్న. (రుజువైన అంకె అదే మరి.) సంతకం పెట్టమన్నారు, పెట్టాను. తర్వాత సుబ్బమ్మనీ కోడిపెట్టనీ తీసుకుని, ఆ సున్నలో కాపురానికి వెళ్లాను.