మిజూరీ పన్నుచెర విమోచనం

అది డిసెంబరు మాసం, రెండవ గురువారం. క్లార్క్ ఫోర్క్ నదీతరంగాలు మంచుపలకల కవచాలు తొడుక్కుంటున్న ప్రభాతవేళ, మోంటానా రాష్ట్రాన, గిరిపరివేష్టితమైన మిజూలా పట్టణంలో, వంటగది బల్లనే కార్యాలయసింహాసనంగా అధిష్ఠించి, పదకొండేళ్లుగా షికాగోలోని కొళాయిల కంపెనీకి ప్రతి కొళాయినీ మరమరా విప్పిచూపే బొమ్మలు గీసి పంపుతున్న చిత్రలేఖనధురంధర వర్నా హాగ్‌లండ్ తన జీతపు చీటీని తెరిచి, అందులో ఒక పంక్తిని కాంచి, కాఫీ కప్పును గాలిలోనే నిలిపివేసింది.

మిజూరీ రాష్ట్ర పన్ను!

ఆమె ఏనాడూ పాదం మోపని, వెయ్యి మైళ్లకు పైబడిన దూరాన ఉన్న ఆ పరరాజ్యం, సెప్టెంబరు నుంచి ఆమె జీతంలో చడీచప్పుడు లేకుండా కప్పం పట్టుకుపోతున్నది. సొంత మోంటానాకు దమ్మిడీ చేరలేదు.

"టిల్డా, ఇలా రావే! నేను మిజూరీలో ఉంటున్నానట!"

రొట్టెకు హకిల్‌బెర్రీ జామ్ రాస్తున్న చెల్లెలు తల తిప్పింది. "ఎప్పుడెళ్లావక్కా? చెబితే వచ్చేటప్పుడు ఏదైనా తెమ్మనేదాన్నిగా."

"నవ్వకు. ఈ నెలాఖర్లోగా కంపెనీ సరిచెయ్యకపోతే, ఆ డబ్బు కోసం నేనే మిజూరీ వాళ్లకి అర్జీ పెట్టుకోవాలి. ఈలోగా మోంటానా వాళ్లు తమ పన్ను కోసం నా పీక మీద కూర్చుంటారు. హీటర్ మార్చడానికి దాచిందంతా వాళ్లకే సరి!"

టిల్డా నవ్వు ఆగిపోయింది. నేలమాళిగలో, ఇల్లంతటినీ వెచ్చబెట్టే ఆ హీటర్ మూడు రోజులుగా క్షతగాత్రుడైన ఏనుగులా మూలుగుతున్నది.

అంతట వర్నా ఫోనాయుధధారిణియై షికాగోపై దండెత్తింది. యంత్రకంఠి అడ్డగించి అంకెలు నొక్కమన్నది, నొక్కింది. వేణునాదం వినిపించి నిద్రపుచ్చజూచింది, నిద్రపోలేదు. నలభైయేడు నిమిషాల నిరీక్షణాగ్నిపరీక్షానంతరం జీతాలశాఖాదుర్గపాలకుడైన ప్రూయిట్ ప్రత్యక్షమయ్యాడు.

"మీ అడ్రస్ కరెక్ట్‌గానే ఉంది మేడమ్. మిజూలా."

"ఆ మిజూలా ఎక్కడుందండీ?"

"మిజూరీలో."

"ఎవరు చెప్పారు?"

"పేరు వింటేనే తెలుస్తోంది కదండీ!"

వర్నా లేచి నిలబడింది. ఆమె కుర్చీ భయంతో కాబోలు వెనక్కి పడింది.

"చూడండి ప్రూయిట్ గారూ! మా కిటికీలోంచి ఓ కొండ కనిపిస్తోంది. దాని మీద తెల్లగా 'ఎమ్' అని ఇంత అక్షరం ఉంది. అది కూడా మిజూరీయే అంటారేమో! పదకొండేళ్లుగా ఈ కుర్చీలోంచి కదల్లేదు నేను. మొన్న ఆగస్టు దాకా మీరే మోంటానా పన్ను పట్టారు. మరి సెప్టెంబర్లో నన్ను కుర్చీతో సహా ఎత్తుకెళ్లి మిజూరీలో దింపిందెవరు?"

అవతల కీబోర్డు మీద వడగళ్లవాన. చివరకు చిన్న గొంతు.

"నేనే మేడమ్. కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చినప్పుడు మీ రాష్ట్రం గడి ఖాళీగా వచ్చింది. మోంటానాకి ఎమ్‌టీ అని ఉండాలి. ఊరి పేరు చూసి మిజూరీ అనుకుని ఎమ్‌ఓ వేసేశాను... మా మేనేజరుకి తెలిస్తే చంపేస్తాడండీ."

ఆ దీనాలాపం విని వీరనారి హృదయం వెన్నలా కరిగింది. శరణాగతుణ్ణి ఏమని కొడుతుంది?

"ఆయనకెందుకు చెబుతానులే బాబూ. ఆ ఓ తీసేసి టీ పెట్టు."

"నాకూ ఒకటి పెట్టమనక్కా," అంది టిల్డా, వెనక నుంచి.

క్రిస్మస్ ముందటి శుక్రవారం వచ్చిన జీతపు చీటీలో, మిజూరీ ఆక్రమించిన సొమ్ము సెంట్లతో సహా తిరిగివచ్చింది. మోంటానా వాటా మోంటానాకు జమపడింది. నేలమాళిగలో కొత్త హీటరు కాలు మోపింది. ఆ విధంగా, పదిహేను దినాలలో, ఒక ఫోనుతో, ఒక రక్తబిందువైనా చిందించకుండా, దుర్నిరీక్ష్యపరాక్రమ వర్నా హాగ్‌లండ్ తన ఇంట్లో తానే ఉంటున్నట్లు అమెరికా సంయుక్త రాష్ట్రాల సాక్షిగా నిరూపించుకొని దిగ్విజయం సాధించింది.